గౌరమ్మ కాగితంలో ఆఖరి వాక్యం

చేతులు పనిలో పడ్డాయంటే గౌరమ్మ కళ్లు ఎక్కడో ఉంటాయి. కాశీబుగ్గలోని జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉత్తరపు కిటికీ పక్కన, పొడుగాటి బల్ల చివర ఆమె చోటు. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే కూర్చుంటోంది. ముందు పోసిన పప్పులోంచి విరగని గుండ్లు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి, నూక ఒక పక్కకి వాటంతట అవే నడిచి వెళ్తున్నట్టు వెళ్తాయి. గుండ్లలో మళ్లీ పెద్దవీ, నడిపివీ, చిన్నవీ. వేళ్లకు తగలగానే తెలిసిపోతుంది. ఆ వేళల్లో ఆమె కిటికీ అవతల గోడ మీద పాకే ఎండను చూస్తూ, ఏ ఊళ్లోనో ఏ ఏటి ఒడ్డునో తిరిగి వస్తుంటుంది. పక్కనున్న ఆడవాళ్లు పిలిస్తే రెండో పిలుపుకి గాని పలకదు.

మాఘం వెళ్లిపోతున్న రోజుల్లో, తోటలన్నీ జీడిపూత వాసనతో నిండి ఉన్నప్పుడు, యజమాని కొడుకు శరత్ చంద్ర ఒక కొత్త పద్ధతి పెట్టాడు. విశాఖపట్నంలో చదువుకుని వచ్చి తండ్రి కుర్చీలో కూర్చున్న ఏడాది అది. పనివాళ్లందరి గురించీ ఏడాదికోసారి ఒక్కో కాగితం రాయించి ఇస్తానన్నాడు. కాగితాలు రెండేసి ప్రతులుగా, ఇంగ్లీషులో అచ్చు కొట్టి వచ్చాయి. కింద సంతకం పెట్టి ఒకటి ఇచ్చేయాలి, ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

గౌరమ్మ కాగితంలో నాలుగే వాక్యాలు. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. తన పేరు తప్ప మరేమీ అర్థం కాలేదు. పక్క బల్ల దగ్గర కూర్చునే నాగసుధ ఇంటర్ తప్పి పనిలో చేరిన పిల్ల. కాగితం తీసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

“చేతి పని సానా బాగుందని రాసినారప్పా. టయానికి వొత్తాదని రాసినారు. ఇక్కడ చూడు, ఇది ఆఖరిది. షైస్ అవే ఫ్రమ్ రెస్పాన్సిబిలిటీ.”

“అంటే ఏటే?”

నాగసుధ నుదురు గోక్కుంది. “షై అంటే సిగ్గు. రెస్పాన్సిబిలిటీ అంటే బాజ్జెత. నీకు బాజ్జెతంటే సిగ్గంట!”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. “ఓలప్పా, ఈ వయసులో సిగ్గేటి నీకు!” అన్నారెవరో. గౌరమ్మ కూడా నవ్వింది. నవ్వాక, ఎందుకో ఆ మధ్యాహ్నం ఎంతసేపటికీ ఆమె మనసు కిటికీ దాటి వెళ్లలేదు.

సాయంత్రం ఊరికి ఆనుకునే ఉన్న పలాస స్టేషనులో పాసింజరు బండెక్కి ఆమె సుమ్మాదేవికి వెళ్తుంది. అక్కడే ఆమె ఇల్లు, భర్త సన్యాసి చూసుకునే కొబ్బరి మొక్కలూ జీడిమామిడి చెట్లూ. అదే బండిలో మందసకి వెళ్లే పురుషోత్తం మాస్టారు ఆమెకు చాలాకాలంగా తెలుసు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఇప్పుడు కాశీబుగ్గలో ఒక ట్యుటోరియల్‌కి వచ్చి పోతుంటాడు. ఎప్పుడూ కిటికీ పక్క సీటు, ఒళ్లో గుడ్డ సంచి.

గౌరమ్మ ఎదురుగా కూర్చుని కాగితం చాపింది. “మాస్టారూ, ఈ ఆఖరి మాటకి అర్థం సెప్పండి. సిగ్గని ఒక పిల్లగుంట సెప్పింది.”

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. బండి పలాస వదిలి తోటల మధ్యకి వచ్చింది. కిటికీలోంచి పూత వాసన తెరలు తెరలుగా లోపలికొస్తోంది.

“షై అని ఒక్కటే ఉంటే సిగ్గేనమ్మా. పక్కన అవే, ఫ్రమ్ అన్నవి వచ్చి చేరేసరికి అర్థం మారిపోతుంది,” అన్నాడు. “ఒక పని చేయాలంటే లోపల జంకు. ఆ జంకుతో దాని దగ్గరికి పోకుండా పక్కకి తప్పుకోవడం. అదీ దీని అర్థం. బాధ్యత తీసుకోమంటే వెనకాడుతుంది అని రాశారు నీ గురించి.”

“తప్పించుకు తిరుగుతాననా?”

“కాదు, రెండింటికీ తేడా ఉంది. తప్పించుకు తిరిగేవాడికి బద్ధకం ఉండొచ్చు, లెక్కలేనితనం ఉండొచ్చు. దానికి అవాయిడ్ అనే మాట సరిపోతుంది. ఇందులో బెదురు ఉండాలి. అసలిది గుర్రాల గురించి పుట్టిన మాట. గుర్రాన్ని మనం చూడం గానీ, బండెద్దుని చూశాం కదా. కల్వర్టు దగ్గర ఒకసారి ఏదో చూసి బెదిరిందనుకో, ఆ తర్వాత అక్కడ ఏమీ లేకపోయినా ఆ చోటుకి వచ్చేసరికి పక్కకి లాగుతుంది. తోలేవాడికి ఏమీ కనపడదు. ఎద్దుకి కనపడుతుంది.”

మాస్టారు పాఠం చెప్పే అలవాటు కొద్దీ ఇంకా చెప్పుకుపోయాడు. ఫ్రమ్ తర్వాత దేని నుంచి తప్పుకుంటున్నామో ఆ మాట రావాలనీ, అది బాధ్యతలాంటి పేరైనా కావచ్చు, మాట్లాడటం, అడగటం లాంటి పనైనా కావచ్చనీ, పనైతే చివర ఇంగ్ చేర్చాలనీ. గౌరమ్మకు అవేవీ వినపడలేదు. సుమ్మాదేవిలో దిగి, బండి వెళ్లిపోయాక కూడా పట్టాల పక్కన కాసేపు అలాగే నిలబడింది.

గదిలో అందరి చేతా పని చేయించే మేస్త్రీగా ఉండమని ఆమెను మూడుసార్లు అడిగారు. యజమాని రెండుసార్లు, కొడుకు ఒకసారి. మూడుసార్లూ “నా వల్ల కాదు బాబూ” అంది. ఎందుకని ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది కూడా కాదు.

ఇరవై రెండేళ్ల కిందట ఒకసారి ఆమె మేస్త్రీగా ఉంది. పదకొండు రోజులు. అప్పటి మేస్త్రీకి జ్వరం వచ్చి, చేయి నిలకడగా ఉందని గౌరమ్మను నిలబెట్టారు. ఆ రోజుల్లో ఆమె పక్కన కూర్చునే మనిషి మంగాదేవి. ఇద్దరూ ఒకే గిన్నెలో చద్దన్నం తినేవారు. ఒకరి జడ ఒకరు అల్లుకునేవారు. గౌరమ్మ మేస్త్రీ అయిన వారంలో మంగాదేవి వరసగా మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. మూడో రోజు యజమాని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. గౌరమ్మ గదికి ఈ చివర నుంచి, నలభై మంది వింటుండగా, అరిచింది.

“నిద్దర సాల్లేదేటి నీకు? రేపటి నుంచి ఇంటికాడే పడుకో!”

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనిపించింది. మంగాదేవి చేతిలో చేట బల్ల మీద పెట్టి, చెంగు సర్దుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. రెండు నెలలకు తెలిసింది, భర్త మూత్రపిండాలు పాడైపోతే ఆమె చాలాకాలంగా ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి తిప్పిందని, ఇప్పుడు అతను పోయాడని. కర్మ కాగానే ఆమె పుట్టింటికి, భావనపాడుకి, వెళ్లిపోతుందని. ఈ ఉద్దానం ప్రాంతంలో ఆ జబ్బుతో పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పలకరింపుకి వెళ్లడం అందరికీ అలవాటే. గౌరమ్మ ఈ ఒక్క ఇంటికి వెళ్లలేదు. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూనే కర్మ రోజు దాటిపోయింది. ఏడాది దాటిపోయింది. టెక్కలి వెళ్లినా, భావనపాడు దారిలో ఉన్న నౌపడా వైపు తిరిగేది కాదు. భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆడవాళ్లు కాశీబుగ్గ బజారులో కూర్చునే వీధి ఒకటుంది. ఆ వీధిలోంచి వెళ్తే ఫ్యాక్టరీ దగ్గర. ఆమె చుట్టు తిరిగి వెళ్లేది.

ఆ వారమంతా గౌరమ్మ కలలో నడుస్తున్నట్టే నడిచింది. వేళ్లు గుండ్లనూ బద్దలనూ వేరు చేస్తున్నాయి. కళ్ల ముందు మాత్రం ఒక తెల్లటి దారి, ఆ దారి మీద ఒక మలుపు. మలుపు దాకా వెళ్తుంది, ఆగుతుంది, మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. బల్ల మీద పోసిన పప్పు అయిపోయిన సంగతి కూడా తెలియలేదొకసారి. ఖాళీ చెక్క మీద వేళ్లు ఆడిస్తుంటే నాగసుధ భుజం తట్టింది.

శనివారం సాయంత్రం ఆమె సన్యాసితో అంది. “మావా, రేపు భావనపాడు ఎల్తాను.”

“ఏటుంది అక్కడ?”

“మంగ ఉంది.”

సన్యాసికి ఆ కథంతా తెలుసు. ఏమీ తెలియనట్టు కొబ్బరిపీచు పాయలు తీస్తూనే అన్నాడు. “ఎండెక్కకముందే ఎల్లు.”

పలాసలో బస్సెక్కి టెక్కలిలో దిగి, అక్కణ్ణించి ఆటో ఎక్కింది. నౌపడా దాటాక ఉప్పుమడులు మొదలయ్యాయి. రోడ్డుకి రెండు వైపులా నీళ్లు, నీళ్లలో ఆకాశం, గట్ల మీద తెల్లటి కుప్పలు. ఎంత దూరం వెళ్లినా అదే తెలుపు. ఆటో కదులుతోందో, మడులే వెనక్కి జారిపోతున్నాయో తెలియని ఆ వెలుతురులో గౌరమ్మకు భయం కొంచెం కొంచెంగా పలచబడింది. పూర్తిగా పోలేదు. కొంగు ముడిలో రెండు గుప్పెళ్ల జీడిపప్పు కట్టుకుని తెచ్చింది. అది సరిగ్గా ఉందో లేదో దారి పొడుగునా తడుముకుంటూనే ఉంది.

భావనపాడులో చేపలు ఆరబెట్టే చోటు అడగక్కర్లేకుండానే తెలిసింది. ఇసుక మీద వలలు పరిచి, వాటి మీద వెండి రేకుల్లా చిన్నచేపలు. మధ్యమధ్య ఆడవాళ్లు వంగి తిరగేస్తున్నారు. మంగాదేవి ఎవరని అడిగితే ఒకామె చేయి చాపి చూపించింది.

నెరిసిన జుట్టు, నల్లబడిన భుజాలు. అయినా వంగిన తీరు అదే. గౌరమ్మ దగ్గరికెళ్లి నిలబడింది. నీడ పడేసరికి మంగాదేవి తలెత్తకుండానే అంది. “ఎవలు?”

“నానే మంగా. గౌరిని.”

చేపలు తిరగేసే చేయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

“దారి తప్పొచ్చినావేటి?”

“నేదు. నీకోసమే వొచ్చినాను. ఆ దినం నువ్వెందుకు ఆలీసంగా వొచ్చినావో నాను అడగలేదు.”

“అడగలేదు.”

“ఇప్పుడు అడుగుతన్నాను.”

మంగాదేవి లేచి నిలబడింది. నవ్వుతుందో తిడుతుందో తెలియని ముఖంతో కాసేపు చూసింది. “ఇరవై రెండేళ్లకా?” అంది. ఆ తర్వాత తూర్పున సముద్రం మీదికి చూసి, “ముందు ఆ బుట్ట పట్టు. మబ్బొచ్చీత్తంది,” అంది.

నిజంగానే ఒక చిన్న మబ్బు ఒడ్డు వైపు వస్తోంది. ఇద్దరూ వంగి చేపలు బుట్టల్లోకి ఎత్తారు. గౌరమ్మ వేళ్లు అలవాటు కొద్దీ పెద్దవి ఒక పక్కకి, చిన్నవి ఒక పక్కకి వేయబోతే మంగాదేవి కసిరింది. “ఇవి జీడిపప్పులు కావు. అన్నీ ఒక్కలాగే ఎత్తు.” నాలుగు చినుకులు పడి, మబ్బు ఊరు దాటిపోయింది. పాక కింద బుట్టల పక్కన ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. తడిసిన ఇసుక మీద ఎండ మళ్లీ మెల్లగా పరుచుకుంటోంది. అలల చప్పుడు దూరంగా, ఎవరో జోకొడుతున్నట్టు వినపడుతోంది.

“ఆయన్ని తెల్లారే బస్సులో ఆసుపత్రికి తెచ్చి, లైన్లో కూకోబెట్టి, పనికొచ్చీదాన్ని,” అంది మంగాదేవి. “అందుకే ఆలీసమని అందరూ అనుకున్నారు. నువ్వూ తరవాత అలాగే ఇనుంటావు. కాదు. ఆయన్ని దింపీసినాక కూడా టయముండీది.”

“మరి?”

“టేసను వెనకాల గోనెసంచులేసిన రేకులపాక ఒకటుండీది, గురుతుందా? అందులో కూకుండిపోయీదాన్ని. ఊరికే. ఎవలూ మంగా అని పిలిసీవోలు కారు. గూడ్సుబండి ఎల్తాది, డబ్బాలు సూసీదాన్ని. బొగ్గుబండైతే ఎంతసేపో ఎల్తాది. ఆ కాసేపే నాను బతికున్నట్టు. నిద్దర సాల్లేదేటని అన్నావు సూడు, నిజమే. కళ్లు తెరుసుకొని నిద్దరే అది. నిజమన్నావని ఒళ్లు మండింది.”

కళ్లు తెరుచుకుని పోయే నిద్ర ఎలాంటిదో గౌరమ్మకు తెలియనిది కాదు. అప్పుడే ఒక్క మాట అడిగి ఉంటే, ఇద్దరూ కలిసి ఆ పాకలో కూర్చుని ఉండేవారేమో అనిపించింది.

“ఆ తిట్టు నాను రెండు నెల్లకి మరిసిపోనాను,” మంగాదేవి గొంతు గట్టిపడింది. “ఆయన పోనాక గుమ్మంకాడ కూకుని, వొచ్చిన ప్రతి ఆడమనిషి మొకమూ సూసినాను. నువ్వు రాలేదు. అది మరవలేదు. ఇప్పుడూ మరవను.”

“భయమేసింది మంగా.”

“నన్ను సూసా?”

“నిన్ను సూసే.” గౌరమ్మ కొంగు అంచు నలుపుకుంది. “మొన్న కాయితంలో నా గురించి ఒక ఇంగ్లీసు మాట రాసిచ్చినారు. షై అవే అంట. బెదిరి పక్కకి పోడమంట. అది తెలిసిన కాణ్ణించి నిద్దర నేదు.”

“సయ్యవే!” మంగాదేవి పెదవి విరిచింది. “మొకం సాటీడం అంటారు దాన్ని. దానికి ఇంగ్లీసెందుకు?”

ఆ మాటకి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే గౌరమ్మ ఏడ్చింది. మంగాదేవి ఓదార్చలేదు. ఏడవనిచ్చి, తర్వాత లేచి ఇంట్లోకి తీసుకెళ్లి, అన్నంలో కవ్వళ్ల చేపల పులుసు పోసి పెట్టింది. కొంగు ముడి విప్పి పోసిన జీడిపప్పును అరచేతిలో తీసుకుని చూసింది. “మూడొందల ఇరవైవి,” అంది. పౌనుకి అన్ని గుండ్లు తూగే రకం అది; ఇన్నేళ్లయినా చూపు తప్పలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది గానీ, మళ్లీ రమ్మని అనలేదు. ఆటో కదిలాక గౌరమ్మ వెనక్కి తిరిగితే ఇంకా అక్కడే నిలబడి ఉంది.

సోమవారం సాయంత్రం బండిలో ఆమె పురుషోత్తం మాస్టారికి జరిగింది చెప్పింది. “మీ మంగ సరిగ్గా చెప్పింది,” అన్నాడు మాస్టారు. “మనిషి నుంచి అయితే మొహం చాటేయడం. పని నుంచి అయితే వెనకాడటం. ఇంగ్లీషువాడికి రెండింటికీ ఆ ఒక్క మాటే.” తర్వాత అడిగాడు. “మరి కాగితం సంగతేం చేస్తావు? రాసింది నిజమేనంటావా?”

“సగం నిజం మాస్టారూ. పనంటే నాకు జంకు నేదు. అరవడమంటేనే.”

“అయితే ఆ మాటే వెళ్లి చెప్పు.” మాస్టారు సంచిలోంచి కాగితం తీసి, పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, ఆమె చేత పదిసార్లు పలికించాడు. సుమ్మాదేవి వచ్చేసరికి పెట్టెలో ఉన్న నలుగురికీ ఆ వాక్యం నోటికి వచ్చేసింది.

మర్నాడు శరత్ చంద్ర గదిలోకి వెళ్లి గౌరమ్మ బల్ల ముందు నిలబడింది. మాస్టారు నేర్పిన వాక్యం అప్పజెప్పింది. “ఐ షై అవే ఫ్రమ్ షౌటింగ్. నాట్ ఫ్రమ్ వర్క్.”

ఆ కుర్రాడు తెల్లబోయాడు. నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. “కూర్చోండి గౌరమ్మగారూ,” అన్నాడు. ఆ గదిలో ఆమెను కూర్చోమన్నది అదే మొదటిసారి.

“మేస్త్రీగా ఉంటాను బాబూ. నాదొకటే మాట. గదికీసివర నుంచి ఆసివరకి అరవను. ఎవలితోనైనా మాట్టాడాలంటే పక్కకెల్లి కూకుని మాట్టాడతాను.”

“అరవకపోతే నలభై మందితో పని ఎలా అవుతుందండీ?”

“నాకూ తెలీదు. సేసి సూత్తాను.”

చేసి చూడటం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి నెలలో పని వెనకబడింది. మెత్తగా ఉందని ఇద్దరు ముగ్గురు పొద్దెక్కాక రావడం మొదలుపెట్టారు. వాళ్ల పక్కన పీట వేసుకుని కూర్చుని, ఎందుకని అడిగేది. ఒకామె అబద్ధం చెప్పింది, అబద్ధమని గౌరమ్మకు తెలుసు. అయినా విని, సాయంత్రం దాకా ఆమె పక్కనే కూర్చుని పప్పు ఏరింది. మర్నాటి నుంచి ఆమె వేళకు వచ్చింది. ఇంకొకామె ఎంత అడిగినా మారలేదు, చివరికి మానేసింది. వైశాఖంలో ఒకరోజు, తడి పప్పు కలిపేసిన పిల్ల మీద గౌరమ్మ అరవనే అరిచింది. అరిచి, తనే బయటికెళ్లి కాసేపు గోడ నీడలో నిలబడింది. లోపలికొచ్చి, “గొంతు జారిపోనాది,” అని ఆ పిల్లతో చెప్పింది. శరత్ చంద్ర మాత్రం ఇంకా నమ్మకం లేనట్టే చూస్తుంటాడు, కానీ మార్చలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆకాశం విరిగిపడ్డట్టు వాన కురిసింది. కరెంటు పోయింది. గదంతా నీలంగా చీకటి పడింది. ఆ వెలుతురులో పప్పు రంగు తెలియదు, ఏరినా తప్పులే పడతాయి. అందరూ మేస్త్రీ ఏమంటుందోనని చూశారు.

“సేతులు తీసీండి,” అంది గౌరమ్మ.

నలభై మంది చేతులు ఆగాయి. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాగసుధ బల్ల మీద తల వాల్చింది. గోడ పక్కన ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు ఒరిగారు. ఎవరో చాలా సన్నగా ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు, మాటలు లేకుండా. గౌరమ్మ గది మధ్యలో పీట వేసుకుని కూర్చుని, వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూస్తూ ఉండిపోయింది, వాన తగ్గేదాకా.